గుర్రానికి చెప్పులు తొడిగిన ఏడాది

రెండువేల ఇరవై మూడు, ఫిబ్రవరి మొదటి వారం. బీజాపూర్ నుంచి భోపాలపట్నం పోయే పెద్ద రోడ్డు మీద మద్దేడ్‌లో మా ఇల్లు. రోడ్డుకు వీపు, వాగుకు ముఖం పెట్టి ఉంటుంది. ఆ పొద్దున నేను వాకిట్లో కూర్చుని నాల్ మేకులను సరిచేసుకుంటున్నాను. నాల్ అంటే ఎద్దు గిట్టకు కొట్టే ఇనుప రేకు, ఆంధ్రా వైపు లాడం అంటారు. మా ఆయన నాల్‌బందు. ఎద్దును తాళ్ళతో పడేసి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, గిట్ట చెక్కి నాల్ కొట్టడం మా ఇంటి పని. ఇరవై ఏళ్ళు ఆయన సుత్తి పట్టాడు, నేను తాడు పట్టాను. ఆయన పోయాక సుత్తి కూడా నా చేతికే వచ్చింది. ఆడమనిషి ఎద్దును పడేస్తుందా అని మొదట్లో సంతలో నిలబడి చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు వరసలో నిలబడతారు.

నాకు సంతకం, అంకెలు తప్ప రావు. నేను చెబుతుంటే మా బడి మేడం రాస్తున్నారు. మధ్య మధ్యలో ఆగమంటున్నారు. మైనా సంగతి చెప్పేటప్పుడు ఆగడం నాకు చేతకాదు.

మైనా ఒక తెల్ల గుర్రం. బీజాపూర్‌లో పెళ్ళికొడుకులను ఊరేగించే ఆడగుర్రం. దాని యజమాని రజాక్‌కు వాళ్ళ నాన్న కాలం నుంచీ అదే బతుకు. చుట్టుపక్కల పెళ్ళి గుర్రం అతని దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పొద్దున పికప్ బండి వచ్చి మా ఇంటి ముందు ఆగితే వెనక గడ్డి మీద మైనా పడుకుని ఉంది. గుర్రం బండిలో నిలబడి వస్తుంది. పడుకుని వచ్చిందంటే కాళ్ళ మీద నిలబడలేకపోతోందన్నమాట.

"అన్న ఉంటే అన్నకే చూపెడుదునక్కా," అన్నాడు రజాక్ బండి దిగుతూనే.

"అన్న లేడు. నేనున్న. ఏమైంది చెప్పు."

"నడుస్తలేదు. మొన్న బరాత్‌ల నడిరోడ్డు మీద ఆగిపోయింది. పెండ్లికొడుకును దింపి నడిపిచ్చిన్రు. పశువుల డాక్టరమ్మ చూసింది. సూది ఏసి నిద్రపుచ్చుదాం, దానికి బాధ తప్పుతది అన్నది. నేను కాళ్ళా వేళ్ళా పడి ఎనిమిది రోజులు అడిగిన. మా ఇంటికాడ అంతా సిమెంటు నేల. దీనికి మెత్తటి నేల కావాలన్నది. నీ వాకిలి యాదికొచ్చింది."

మా వదినె లచ్చక్క, అంటే మా ఆయన అక్క, నాతోనే ఉంటుంది. ఆమె చీపురు పట్టుకుని బయటికొచ్చి బండిలోకి తొంగి చూసింది. "ఎద్దులు ఒడిసినయా పోచీ? ఇగ పెండ్లి గుర్రాలు పట్టినవా? పెండ్లికొడుకేడి మరి?" అంది.

రోడ్డు గట్టు దగ్గర బండిని వెనక్కి ఆనించి, మైనాను లేపి, అడుగు అడుగుకూ బతిమాలుతూ వాకిట్లోకి తెచ్చాం. ఇరవై అడుగుల దూరానికి ఎండ నడినెత్తికి వచ్చింది. నిలబడిన తీరు చూస్తేనే తెలిసింది దాని కష్టం. ముందు కాళ్ళు ముందుకు చాపి, వెనక కాళ్ళు పొట్ట కిందికి తెచ్చుకుని, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, కాలుతున్న పెనం మీద నిలబడ్డట్టు నిలబడింది. ముందు గిట్టలు ముట్టుకుంటే వేడి. గిట్టకు పైన, కాలి వెనక వైపు రెండు వేళ్ళు పెడితే నాడి దొరుకుతుంది. మంచిగా ఉన్న గుర్రానికి అది వెతికితే గానీ తెలియదు. మైనాకు నా వేళ్ళ కింద డప్పు కొట్టినట్టు కొట్టింది.

నేను ఏం చేశాను? మా ఆయన దగ్గర నేర్చుకున్నదే చేశాను. ముందు కాలు ఎత్తాను. మేకు దిగిందా, రాయి గుచ్చుకుందా, చీము పట్టిందా అని రెండు గిట్టలూ గీకి గీకి చూశాను. ఏమీ లేదు. ఆ పూటంతా అట్లాగే పోయింది.

మర్నాడు డాక్టరమ్మ వచ్చారు. దుర్గ్ వైపు అమ్మాయి, హిందీ మాట్లాడతారు. మోటారు సైకిల్ దిగి, గిట్ట వైపు చూడనైనా చూడకుండా, రజాక్‌ను అడిగిన మొదటి మాట "ఏం తినిపించావు? ఈసారి దాచకుండా చెప్పు," అని.

"దానా కొలిచే ఏస్త మేడం. ఎక్కువ ఏం పెట్టలే. పెండ్లోళ్ళు పెట్టిందే."

"పెళ్ళివాళ్ళు ఏం పెట్టారు?"

"శెనగపప్పు. నానబెట్టింది. ఇంత బెల్లం."

రాయపూర్, బిలాస్‌పూర్ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ పెళ్ళిళ్ళలో అదొక ఆచారం. పెళ్ళికొడుకు గుర్రం ఎక్కగానే అతని అక్కచెల్లెళ్ళు నానబెట్టిన శెనగపప్పు పళ్ళెంలో పెట్టి గుర్రానికి తినిపిస్తారు. అది తింటేనే శుభం. తినకపోతే మొహాలు వాడిపోతాయి.

"ఒక్కో పెళ్ళిలో ఎన్ని పళ్ళేలు?" అన్నారు డాక్టరమ్మ.

రజాక్ వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. అక్క, చెల్లె, మేనత్త కూతురు, పెదనాయిన కూతురు. ఒక చెయ్యి అయిపోయింది. "మొన్నటాయనకు ఏడుగురు అక్కచెల్లెండ్లు మేడం. ముహూర్తాలు గట్టిగున్న రోజు మూడు పెండ్లిండ్లు. ఆడబిడ్డ పళ్ళెం వద్దంటే ఎట్ల? కొట్టడానికొస్తరు."

డాక్టరమ్మ తల పట్టుకుని మా మంచం మీద కూర్చున్నారు.

అప్పుడు విప్పి చెప్పారు. గుర్రం పొట్ట గడ్డి కోసం పుట్టింది. పప్పూ బెల్లం లాంటివి ఒక్కసారిగా పడితే పొట్టలో పులుస్తాయి, ఆ విషం రక్తంలో గిట్టల్లోకి దిగుతుంది. గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. మన గోరును వేలి మాంసం పట్టుకున్నట్టు, ఆ ఎముకను గిట్ట గోడకు ఒక పొర పట్టుకుని ఉంటుంది. ఆ పొర వాస్తే లామినైటిస్. పొర ఊడి ఎముక కిందికి వంగితే దాన్ని ఫౌండర్ అంటారు. ఇంకా దిగితే అరిగిట్టను, అంటే గిట్ట అడుగును, చీల్చుకుని ఎముక బయటికి వస్తుంది. అప్పుడిక సూదే. అరిగిట్టను వాళ్ళు సోల్ అంటారు. దాని మధ్యలో వెనక నుంచి ముందుకు మూడు మూలల మెత్తటి దిమ్మె ఉంటుంది, అది ఫ్రాగ్. ఆ ఫ్రాగ్ కొసకు ముందు బొటనవేలు పెట్టి చూపించారు. "ఇక్కడ మెత్తబడితే ఎముక దిగుతున్నట్టు. ఎనిమిదో రోజు వచ్చి ఇక్కడే నొక్కుతాను. మెత్తగా ఉంటే నన్ను బతిమాలొద్దు." ఎక్స్‌రే తీయాలంటే జగదల్‌పూర్ పోవాలి. బండిలో అంత దూరం కుదుపుకు అది తట్టుకోదు. కాబట్టి మా చేతులే ఎక్స్‌రే.

డాక్టరమ్మ నొప్పికి సూది వేసి, మందులిచ్చి, చేయాల్సినవి చెప్పారు. గింజ అనేది వాకిట్లోకి రాకూడదు. గిట్టలు చల్లగా ఉండాలి. కింద మెత్తగా ఉండాలి. బలవంతంగా నడిపించకూడదు.

నేను ఊళ్ళోకి పోయి, ఎవరెవరి ఎద్దులకు నాల్ కొట్టానో వాళ్ళందరినీ అడిగాను. సాయంత్రానికి నాలుగు ఎడ్లబండ్ల వాగు ఇసుక వాకిట్లో పడింది. మోకాలి లోతు పరిచాం. నేను కొట్టిన నాల్‌లతో నడిచే ఎద్దులే ఇసుక తెచ్చాయని నాకు ఎంత గర్వమో. మొదటి మూడు రోజులు గోనె సంచులు బావి నీళ్ళలో తడిపి గిట్టలకు చుట్టడం, ఎండితే మళ్ళీ తడపడం. రజాక్ రెండు రోజులుండి, ఇంటి దగ్గర ముసలి తల్లి ఒక్కతే ఉందని పోయాడు. వదినె "గుర్రం పెండ్లికి నన్ను నీళ్ళు మోయబెట్టినవ్" అని గొణుగుతూనే నాకంటే రెండు బకెట్లు ఎక్కువ మోసింది.

నాలుగో రోజు నుంచి థర్మోకోల్. ఫ్రిజ్ డబ్బాల్లో వచ్చే తెల్ల దిమ్మెలు. రజాక్ దుకాణాలు తిరిగి సంచి నిండా పంపాడు. గిట్ట ఆకారంలో కోసి, అరిగిట్టకు ఆనించి, టేపు చుట్టాను. గుర్రం బరువుకు ఒక రోజులో అది అప్పడంలా అణిగిపోతుంది. అణిగినదాని మీద ఇంకొకటి పెడితే, ఎముక కింద దిండు పెట్టినట్టు.

తిండి దగ్గరే అసలు యుద్ధం. ఎండు గడ్డిని డ్రమ్ములో గంటసేపు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పెట్టమన్నారు. గడ్డిలో ఉండే తీపి కూడా నీళ్ళలోకి దిగిపోవాలట. పారబోసిన నీళ్ళు టీ రంగులో ఉండేవి. మైనా ఆ చప్పిడి గడ్డిని ఒకసారి వాసన చూసి, తల ఎత్తి నా మొహం వైపు చూసేది. ఏడు పళ్ళేల పప్పు తిన్న నోరు మరి.

"పసిపిల్ల లెక్క చూస్తున్నది. గుప్పెడు నూకలు ఏస్తే ఏమైతది?" అనేది వదినె.

"చస్తది," అనేదాన్ని.

"నీ నోట్లె ఎన్నడు మంచి మాట వస్తది?"

రోజూ తెల్లారగానే నా పని, రెండు వేళ్ళు పెట్టి నాడి చూడటం. మొదటి రోజు డప్పు. మూడో రోజూ డప్పే. ఐదో రోజు తలుపు కొట్టినట్టు. ఏడో రోజు కొంచెం వెతకాల్సి వచ్చింది. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని "వదినె, వెతుక్కుంటున్న, వెతుక్కుంటున్న" అని అరిచాను. ఆమె ఏదో పోయిందనుకుని పరుగెత్తుకొచ్చి నాతో పాటు ఇసుకలో వెతికింది.

కానీ లేవడం లేదు. నాడి నెమ్మదించినా మైనా పడుకునే ఉంది.

ఎనిమిదో రోజు డాక్టరమ్మ ఒక చిన్న పెట్టెతో వచ్చారు. ఆ పెట్టెలో ఏముందో ఎవరూ అడగలేదు. ఆ పొద్దున్నే బీజాపూర్ నుంచి మళ్ళీ వచ్చిన రజాక్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ ఇసుకలో కూర్చుని, టేపు విప్పి, ఫ్రాగ్ కొసకు ముందు బొటనవేలు పెట్టి నొక్కారు. ఇంకోసారి నొక్కారు. రెండో గిట్ట. నా చేయి పట్టుకుని నా వేలు అక్కడ పెట్టారు. గట్టిగానే ఉంది.

"అడుగు మూసుకునే ఉంది," అన్నారు. "కానీ లేవకపోతే లాభం లేదు. పడుకుని ఎన్నాళ్ళు బతుకుతుంది?"

సరిగ్గా అప్పుడే వదినె నానిన గడ్డి తెచ్చి వేసింది. ఆమెకు ఎప్పుడూ ఉన్న అలవాటే, గుర్రం దగ్గరికి పోవడానికి భయపడి మూడు మూరల దూరంలో పడేసింది. రోజూ దాన్ని నేను కాలితో జరిపేదాన్ని. ఆ రోజు జరపడానికి లేవబోతుంటే డాక్టరమ్మ నా భుజం పట్టుకుని ఆపారు.

మైనా మెడ చాపింది. అందలేదు. మూతి ఇసుకలో పెట్టి ఒకసారి బుస్సుమంది. తర్వాత ముందు కాళ్ళు చాపి, ఒక ఊపు ఊగి, లేచి నిలబడింది. నిలబడి ఆగింది. ఒక అడుగు. ఇంకో అడుగు. తల దించి తినడం మొదలుపెట్టింది.

రజాక్ ఇంకా గోడ వైపే ఉన్నాడు. "ఇటు తిరుగురా," అంది వదినె. "నేను దూరంగ ఏసిన గడ్డి తింటున్నది నీ గుర్రం." ఆ మాట ఆమె ఇప్పటికీ వదలలేదు. గుర్రాన్ని లేపింది తానేనని సంతలో అందరికీ చెబుతుంది. నేనూ కాదనను.

డాక్టరమ్మ పెట్టె తెరవకుండానే పట్టుకుపోయారు. పోతూ చెప్పారు. గిట్ట నెలకు వేలి మందం పెరుగుతుంది. పైన వెంట్రుకల దగ్గర పుట్టిన కొత్త గిట్ట నేలను తాకడానికి పది నెలలు. ఆ పది నెలలూ సరిగ్గా చెక్కుతూ, తిండి కాపాడితే మైనా నడుస్తుంది.

ఇక నాకు పండగే. ఎద్దు గిట్ట రెండు చీలికలు, గుర్రానిది ఒకే గిన్నె. మా ఆయన రజాక్ వాళ్ళ గుర్రానికి చెక్కుతుంటే తాడు పట్టుకుని చూసినదంతా ఇప్పుడు పనికొచ్చింది. మూడు వారాలకోసారి పెద్ద ఆకురాయి, దాన్ని రాస్ప్ అంటారు, పట్టుకుని మడమ వైపు కొంచెం, ముందు మొన కొంచెం. గోరంత తీసి ఫోటో డాక్టరమ్మకు పంపడం, ఆవిడ సరే అంటే ఇంకో గోరంత. థర్మోకోల్ దొరకనప్పుడు పాత హవాయి చెప్పుల అట్టలు కోసి, రెండేసి అతికించి, సైకిల్ ట్యూబుతో బిగించాను. అట్లా మైనా చెప్పులు వేసుకుంది. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. "గుర్రానికి చెప్పులు తొడిగి, నువ్వేమో ఉత్త కాళ్ళతోటి తిరుగుతున్నవ్" అని ఒకాయన నవ్వితే, "నా చెప్పులే దానికిచ్చిన" అన్నాను. నిజంగానే ఇచ్చాను.

మార్చి నెల మధ్యలో ఒక పొద్దున, గిట్ట కడుగుతుంటే వెంట్రుకల కింద కనబడింది. వేలి మందం కొత్త గిట్ట. పాతది ముందుకు చిప్పలా వంగి ఉంటే, కొత్తది నిటారుగా, నున్నగా, తేనె రంగులో దిగుతోంది. రజాక్‌కు ఫోన్ చేసి "వచ్చింది, వచ్చింది" అని అరిచాను. "ఏమైందక్కా, ఏమైంది?" అని అతను భయపడిపోయాడు.

ఆ ఆనందంలోనే తప్పు చేశాను.

మార్చి నెలాఖరుకు ఎండలు ముదిరాయి. వాకిట్లో ఇసుక కాలుతోంది. ఇంటి వెనక మడి గట్టు మీద మాకు ఒక ఇప్పచెట్టు ఉంది. మంచి నీడ, కింద మెత్తటి మట్టి. పది గంటలకు మైనాను అక్కడికి నడిపించి కట్టేదాన్ని. అది ఇప్పపువ్వు రాలే కాలం. చెట్టు కింద ఆకులు ఊడ్చి శుభ్రం చేసి పెట్టుకుంటాం. నేను, వదినె చీకటితోనే లేచి, రాలిన పువ్వంతా గంపలకెత్తి, వాకిట్లో ఒక మూల ఆరబోసి, దానికి కంచె కూడా కట్టాం. గుర్రం దగ్గరికి రాకూడదని అంత జాగ్రత్తగా కట్టాం.

ఐదో రోజు పొద్దున మైనా మళ్ళీ వెనక్కి వాలి నిలబడింది. వేళ్ళు పెట్టాను. డప్పు.

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. రెండు రోజుల ముందే రజాక్ చూడటానికి వచ్చి పోయాడు. అతను తప్ప ఇంకెవరు? ఫోన్ చేసి, అతను హలో అనకముందే మొదలుపెట్టాను. "ఏం పెట్టినవ్ దానికి? మీ అమ్మ పప్పు కట్టిచ్చి పంపిందా? యాభై రోజులు నోరు కట్టేసి సాకిన. ఒక్క పూటల పాడు చేసినవ్."

"అల్లా తోడక్కా, చెయ్యి కూడ పెట్టలే."

"ఊకో. ముద్దు చేసి చంపుకునుడు మీకు అలవాటే."

ఫోన్ పెట్టేసి మైనా దగ్గరికి వచ్చాను. వదినె అప్పటికే అక్కడ ఉంది. గుర్రానికి భయపడే మనిషి, దాని మూతి రెండు చేతులతో పట్టుకుని వాసన చూస్తోంది.

"పోచీ, ఇటు రా. ఇది సారా తాగినట్టు కంపు కొడుతున్నది."

నేనూ వాసన చూశాను. ఇప్పపువ్వు. పులిసిన తియ్యటి వాసన. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకు ఆ వాసన చెప్పాల్సిన పని లేదు. గట్టు మీదికి పోయి చెట్టు కింద నిలబడ్డాను. మేం తెల్లారేలోగా ఏరుకుని వస్తాం. కానీ పువ్వు ఎండ ముదిరేదాకా రాలుతూనే ఉంటుంది. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మేం వచ్చేశాక రాలినది ఎవరు తింటున్నారో మాత్రం అడగలేదు. నేను నిలబడి ఉండగానే ఒక పువ్వు వచ్చి నా భుజం మీద పడింది. శెనగపప్పు కంటే తియ్యన. నాలుగు రోజులు నేనే దాన్ని చెట్టు కింద కట్టి, దాని నోట్లో పళ్ళెం పెట్టాను.

మళ్ళీ ఫోన్ చేయడానికి చాలాసేపు పట్టింది. వదినె పక్కన నిలబడి, "తిట్టినప్పుడు ఎంత జల్ది నొక్కినవ్, ఇప్పుడు వేలు పోతలేదా?" అంది. నొక్కాను.

"రజాక్, నువ్వు కాదు. నేనే. ఇప్పచెట్టు కింద కట్టిన. పువ్వు తిన్నది."

గుర్రాన్ని తీసుకుపోతానంటాడని అనుకున్నాను. తీసుకుపోతే అడ్డం చెప్పే మొహం నాకు లేదు.

"అక్కా," అన్నాడు. "నేను ముద్దు చేసిన, నువ్వు నీడ చూసినవ్. మనిద్దరిల ఎవరన్న ఒకరు దానికి చెడ్డగ ఉండాలె. నాతోని కాదు."

"నేనుంట," అన్నాను.

డాక్టరమ్మ వచ్చి చూసి, తిట్టలేదు. "మొదటిసారంత లేదు. పొర పూర్తిగా వదల్లేదు. కానీ గిట్ట దీన్ని మరిచిపోదు," అన్నారు. ఆ మాటకు అర్థం నాకు నెల తర్వాత తెలిసింది. మళ్ళీ గోనె సంచులు, మళ్ళీ థర్మోకోల్, మళ్ళీ మొదటి నుంచి. పన్నెండు రోజులకు నాడి దిగింది. నెల గడిచాక గిట్ట కడుగుతుంటే, వెంట్రుకల కింద అడ్డంగా ఒక గీత కనబడింది. గాజు తొడిగినట్టు గిట్ట చుట్టూ ఒక గట్టు. గిట్ట ఎదుగుతున్నప్పుడు దెబ్బ తగిలితే అట్లా గీత పడుతుందట. దానికి కింద, పాత గిట్ట మొదలయ్యే చోట ఉన్న మొదటి గీత పప్పుది, ఇది ఇప్పపువ్వుది. ఒకటి రజాక్‌ది, ఇంకొకటి నాది.

ఆ నా గీతే నాకు క్యాలెండర్ అయింది. వానలు మొదలయ్యేటప్పటికి రెండు వేళ్ళు దిగింది. వానల్లో ఊరంతా పచ్చగడ్డి లేచి మైనా మెడ గాలిలోకి చాచి ఏడ్చింది. లేత గడ్డిలోనూ తీపేనన్నారు డాక్టరమ్మ. కొట్టంలోనే ఉంచి, చప్పిడి గడ్డే పెట్టాను. చెడ్డగా ఉన్నాను. నన్ను చూస్తే చెవులు వెనక్కి పెట్టేది, వదినెను చూస్తే ముందుకు పెట్టేది. దసరాకు గీత సగం దాటింది. చెప్పులు తీసేశాం. దీపావళి పోయాక మడి గట్ల మీద తాడు పట్టుకుని నడిపిస్తే, ఒక రోజు తాడు నా చేతిలోంచి లాక్కుని పరుగెత్తింది. వరి కోసిన మడిలో గుండ్రంగా, తోక లేపుకుని. నేను వెనకాల పరుగెత్తాను, ఆపడానికి కాదు. ఊరికే పరుగెత్తాను. నా వయసు ఆడమనిషి మడిలో అట్లా పరుగెత్తితే చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు.

జనవరిలో గీత నేలకు దిగింది. రజాక్ పికప్ తెచ్చాడు. ఈసారి వాళ్ళమ్మ కూడా వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. ఇంటికి తీసుకుపోయే ముందు గుర్రానికి తన చేత్తో పెట్టాలట. గుడ్డ తీస్తే నానిన శెనగపప్పు, పైన బెల్లం ముక్క. మైనా ముక్కులు పెద్దవి చేసి మెడ చాచింది. రజాక్ నా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

నేను మధ్యలో నిలబడ్డాను. "పెద్దమ్మా, దాని నెత్తి చుట్టు మూడుసార్లు తిప్పు. తిప్పి నాకియ్యి."

"నీకెందుకు?"

"దాని పేరు మీద మేం తింటం. పుణ్యం దానికి పోతది, పప్పు మా పొట్టలకు పోతది."

ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "నా గుర్రం నోరు కట్టేసి నువ్వు తింటవా?" అంది. అంటూనే తిప్పింది. మేం నలుగురం గట్టు మీద కూర్చుని ఆ పప్పంతా తిన్నాం. మైనాకు వదినె చప్పిడి గడ్డి వేసింది. ఈసారి దగ్గరగా వేసింది.

ఇప్పుడు బీజాపూర్ పెళ్ళిళ్ళలో రజాక్ అదే చేయిస్తున్నాడు. అక్కచెల్లెళ్ళు పళ్ళెం తిప్పుతారు, పప్పు బ్యాండు వాళ్ళు తింటారు, గుర్రం నోట్లో నాలుగు ఎండు గడ్డి పరకలు పెడతారు. ఒప్పుకోనివాళ్ళకు, మీ పెండ్లికొడుకు నడిచి పోతడు అని చెబుతున్నాడట. లావు పెళ్ళికొడుకులను ఎక్కించొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. అది మాత్రం ఎవరికి ఎట్లా చెబుతున్నాడో నాకు తెలియదు.

పంపే ముందు చివరిసారి చెక్కినప్పుడు, ఆ గీత ఉన్న ముక్క నా కత్తి కింద ఊడి వచ్చింది. సగం చందమామలా ఉంది. మా ఆయన సుత్తి ఉన్న సంచిలోనే దాన్నీ పెట్టుకున్నాను.

ఇప్పుడు సంతలో ఎవరు కుంటే పశువును తెచ్చినా నేను కాలు ఎత్తను. ముందు అడుగుతాను, ఏం తిన్నది, ఎక్కడ కట్టినవ్, ఆ చెట్టు ఏం చెట్టు అని. పోయిన వారం ఒక రైతు విసుక్కున్నాడు. "కాలు చూడమంటే చెట్టు గురించి అడుగుతవేందక్కా?" అన్నాడు. సంచిలోంచి ఆ ముక్క తీసి అతని చేతిలో పెట్టాను. అతను అటూ ఇటూ తిప్పి చూసి, గీత మీద వేలు పెట్టి, ఇదేంది అన్నాడు.

"నేను అడగకపోతే పడ్డది," అన్నాను. "చెప్పు, ఏం తిన్నది?"